వెన్నుపూస కుంగింది: సిమెంటా, రేడియేషనా, ఆగి చూడటమా?

పెద్దకూతురు
నాన్నకు మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో పుట్టి ఎముకలను తినేసే రక్త క్యాన్సర్. జబ్బు పేరు తేలేలోపే డి12 (ఛాతీ వెనక వరసలో చివరిది), ఎల్1 (దాని కింద, నడుములో మొదటిది) వెన్నుపూసలు రెండూ కుంగిపోయాయి. కూర్చుంటే నొప్పి, నిలబడితే ఇంకా నొప్పి, దగ్గు వస్తే కేక. రక్త క్యాన్సర్ డాక్టరు "కీమో మొదలైంది కదా, జబ్బు తగ్గితే నొప్పీ తగ్గుతుంది, ఆగండి" అంటారు. వెన్నెముక సర్జన్ "కుంగిన పూసలోకి సూదితో ఎముక సిమెంటు ఎక్కిస్తే మర్నాడే లేచి కూర్చుంటారు" అంటారు. రేడియేషన్ డాక్టరు "ఒక్క విడత రేడియేషన్ చాలు" అంటారు. ముగ్గురూ మంచివాళ్లే. ఒకే భవనంలో ఉంటారు. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం నేను చూడలేదు. మధ్యలో ఫైలు పట్టుకుని తిరుగుతున్నది నేను. పైగా సిమెంటు వల్ల ఏ ఉపయోగమూ లేదని పరిశోధనల్లో తేలిందని ఎక్కడో చదివాను. అదే నిజమైతే సర్జన్ అంత ధీమాగా ఎలా చెబుతున్నారు?

నిదానం
మిగతా అంతా తర్వాత. కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం లాంటివి ఏమైనా ఉన్నాయా? ఉంటే ఇక్కడ జవాబుల కోసం చూడకండి, ఈ గంటలోనే అత్యవసర విభాగానికి వెళ్లండి. అది వెన్నుపాము నలుగుతున్న లక్షణం. వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టి, మొత్తం వెన్నెముకకు ఎంఆర్‌ఐ తీయాలి. ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రాకపోవచ్చు.

పెద్దకూతురు
అవేవీ లేవు. పట్టుకుంటే బాత్రూమ్ వరకు నడుస్తారు. నొప్పి ఒక్కటే.

వంగిన_విల్లు
నేనే రోగిని. మైలోమాతో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. కుంగిన పూసలు ఒకటి కాదు, నాలుగు. చొక్కాల పొడవు చూస్తే నేను ఎంత పొట్టివాడినయ్యానో తెలుస్తుంది. పై అరలోని సామాన్లు తీసే పని మా ఆవిడకు బదిలీ అయింది, ఈ జబ్బులో నాకు దక్కిన లాభం అదొక్కటే.

మీ ప్రశ్నకు వస్తాను. ముగ్గురు డాక్టర్లలో ఎవరు సరైనవారో తేలాలంటే మీ నాన్నగారిని ఒక్కటి అడగండి: వెల్లకిలా పడుకుంటే నొప్పి తగ్గుతుందా, లేదా?

పెద్దకూతురు
పడుకుంటే చాలావరకు తగ్గుతుంది. లేచేటప్పుడే నరకం. ఇది అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు.

వంగిన_విల్లు
అయితే అది బరువు మోయలేని పూస పెట్టే నొప్పి. లేచినప్పుడు, తిరిగినప్పుడు, దగ్గినప్పుడు విరిగిన ముక్కలు లోపల కదులుతాయి. దీన్ని సిమెంటు పట్టుకోగలదు. పడుకున్నా వదలకుండా, ముఖ్యంగా రాత్రుళ్లు తొలిచేసే నొప్పి ఇంకో రకం, గడ్డ పెరుగుతున్న నొప్పి. దానికి కీమో, స్టెరాయిడ్, రేడియేషన్ పనిచేస్తాయి. నాకు రెండూ వేర్వేరు పూసల్లో వచ్చాయి, రెండింటికీ వేర్వేరు వైద్యాలు జరిగాయి. ముగ్గురు డాక్టర్లూ తాము వైద్యం చేసే రకం నొప్పి గురించి నిజమే చెబుతున్నారు.

సందేహాలపుట్ట
ఇంత హడావుడి ఎందుకు? మా బంధువు ఒకాయనకు నడుము పట్టేస్తే ఎముకలు సరిచేసే ఆయన దగ్గర నాలుగు సార్లు నొక్కించుకున్నారు, పోయింది. కాల్షియం మాత్రలు కూడా బాగా వాడమనండి.

రాత్రి_డ్యూటీ
సందేహాలపుట్ట గారూ, మీ బంధువుకు ఉన్నది కండరం పట్టేయడం. మైలోమా పూసను చేత్తో నొక్కడం అంటే చెద తిన్న దూలం మీద ఎక్కి గెంతడం. దయచేసి ఎవరూ చేయించకండి, మర్దనా కూడా వద్దు. కాల్షియం సంగతి ఇంకా ప్రమాదం. ఈ జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు ఎముక కరిగి రక్తంలో కాల్షియం అప్పటికే ఎక్కువగా ఉండవచ్చు. విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, తికమక దాని గుర్తులు. రక్త పరీక్ష చూసి డాక్టరు చెబితేనే మాత్రలు.

సందేహాలపుట్ట
సరే, నొక్కించను. నా నడుము కూడా నొక్కించను.

లెక్కలమాస్టారు
"సిమెంటు వల్ల ఉపయోగం లేదు" అన్న వార్త ఎక్కడిదో చెబుతాను. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వేసింది. సగం మందికి వర్టిబ్రోప్లాస్టీ (పూసలోకి సూదితో సిమెంటు ఎక్కించడం), మిగతా సగం మందికి ఉత్తుత్తి ప్రక్రియ. ఉత్తుత్తి అంటే నిజంగానే బల్ల మీద పడుకోబెట్టి, మత్తు సూది పొడిచి, ఘాటైన సిమెంటు వాసన గదిలో వచ్చేలా డబ్బా మూత కూడా తీశారు. రోగికి తేడా తెలియకూడదని. ఫలితంలో రెండు జట్లకూ నొప్పి దాదాపు సమానంగా తగ్గింది. అప్పటి నుంచి సిమెంటు పేరు చెడింది.

కానీ ఆ రోగులు వయసు వల్ల ఎముక గుల్లబారినవాళ్లు. క్యాన్సర్ ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని మీ నాన్నగారికి నేరుగా అంటగట్టలేం.

క్యాన్సర్ రోగుల మీద వేరే అధ్యయనం ఉంది, 2011లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. 134 మంది, వారిలో మైలోమా వాళ్లూ ఉన్నారు. కొందరికి బెలూన్ కైఫోప్లాస్టీ (పూసలో ముందు బెలూన్ ఉబ్బించి సిమెంటు నింపడం), మిగతావారికి మందులు, బెల్టు లాంటి మామూలు వైద్యం. నడుము నొప్పి వల్ల రోజువారీ పనులు ఎంత ఆగిపోయాయో 24 మార్కులకు కొలుస్తారు, ఎక్కువ మార్కులు అంటే ఎక్కువ ఇబ్బంది. నెల తర్వాత బెలూన్ జట్టు సగటు 17.6 నుంచి 9.1కి దిగింది. రెండో జట్టు 18.2 నుంచి 18.0కి.

మూడో_వరుస
మాస్టారు గారు సగమే చెప్పారు. ఆ 2011 అధ్యయనానికి డబ్బు ఇచ్చింది బెలూన్ తయారుచేసే కంపెనీయే. ఉత్తుత్తి జట్టు లేదు. ఎవరికి ఏ వైద్యం జరిగిందో రోగికీ తెలుసు, డాక్టరుకీ తెలుసు. "నాకు పెద్ద ప్రక్రియ చేశారు" అన్న నమ్మకంతోనే కొంత నొప్పి తగ్గవచ్చని 2009 అధ్యయనాలే సూచించాయి కదా. ఆ మాట ఇక్కడ ఎందుకు గుర్తు రాలేదు?

లెక్కలమాస్టారు
ఆక్షేపణ సబబే. డబ్బు సంగతి నాకు తెలుసు, రెండో టపాలో రాద్దామనుకున్నాను, మీరు ఆగలేదు. కానీ రెండో జట్టును చూడండి: 18.2 నుంచి 18.0. నెల రోజులు మందులు, బెల్టు వాడినా అక్కడే ఉన్నారు. నెల తర్వాత కావాలంటే బెలూన్ చేయించుకోవచ్చు అంటే వారిలో చాలామంది వెళ్లి చేయించుకున్నారు. బెలూన్ ఘనతను మీరు కొంత కోసేయండి, ఒప్పుకుంటాను. "ఊరికే ఆగి చూడటం" అనే వైద్యానికి మాత్రం ఆ అంకెల్లో పెద్దగా ఘనత కనిపించదు. మైలోమా నిపుణుల అంతర్జాతీయ బృందం కూడా బాగా నొప్పి పెట్టే కుంగిన పూసలకు బెలూన్ పద్ధతిని పరిశీలించమంటుంది.

మూడో_వరుస
నేను చేయించుకోవద్దు అనలేదు. మర్నాడే లేచి కూర్చుంటారని హామీ ఇచ్చే సర్జన్‌ను కాస్త తగ్గించి వినమంటున్నాను. మా అమ్మకు చేయించాం. సిమెంటు చక్కగా కూర్చుంది, ఎక్స్‌రేలో ముచ్చటగా ఉంది, నొప్పి మాత్రం అలాగే ఉంది. అసలు నొప్పి దాని కింది పూసది అని తర్వాత తేలింది. సిమెంటు వేసినది ఎప్పుడో విరిగిన పాత పూసకు.

ఎముకలగూడు
మూడో_వరుస గారు చెప్పిన పొరపాటు జరగకుండా చూసుకోవచ్చు. మైలోమాలో చాలా పూసలు దెబ్బతిని ఉంటాయి, అన్నీ నొప్పి పెట్టవు. ఎంఆర్‌ఐలో స్టిర్ అనే రకం చిత్రాల్లో తాజాగా విరిగిన పూసలో నీరు తెల్లగా మెరుస్తుంది. పాతదైతే మెరవదు. అయితే క్యాన్సర్ గడ్డ ఉన్నా మెరుస్తుంది, కాబట్టి చిత్రం ఒక్కటే చాలదు. డాక్టరు వేలితో ఒక్కో పూస మీద నొక్కి చూసి, నొప్పి ఉన్న చోటు, చిత్రంలో మెరిసిన చోటు ఒకటేనా అని సరిచూడాలి. ఇది చేయకుండా ఎక్స్‌రే చూసి సూది తీసేవారు ఉంటే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. సాధారణంగా ఎముకల క్యాన్సర్‌కు చేసే ఐసోటోప్ బోన్ స్కాన్ మైలోమాలో మోసం చేస్తుంది. ఆ స్కాన్ పట్టుకునేది కొత్త ఎముక పుట్టే చోటును. మైలోమాలో ఎముకను తినే కణాలు రెచ్చిపోతాయి, కట్టే కణాలు పడుకుంటాయి. అందుకే స్కాన్ ఖాళీగా వచ్చినా పూసలో రంధ్రం ఉండవచ్చు. తక్కువ మోతాదు సీటీ, పెట్ సీటీ, ఎంఆర్‌ఐ వీటిలోనే నిజం కనిపిస్తుంది.

పెద్దకూతురు
కట్టే కణాలు పడుకుంటాయి అంటే, కీమోతో జబ్బు తగ్గినా ఆ పూస మళ్లీ నిండదా?

ఎముకలగూడు
చాలావరకు నిండదు. జబ్బు పూర్తిగా అదుపులో ఉన్నవారిలో కూడా ఏళ్ల తరబడి ఆ రంధ్రాలు అలాగే కనిపిస్తాయి. బోర్టెజోమిబ్ లాంటి మైలోమా మందు ఎముక కట్టే కణాలను కొంత లేపుతుందంటారు, నిజమే, కానీ కుంగిన పూస ఎత్తు దానివల్ల తిరిగి రాదు. కీమోతో గడ్డ నొప్పి తగ్గుతుంది, కొత్తగా పూసలు విరగడం తగ్గుతుంది. అప్పటికే విరిగినదాన్ని అది అతికించదు.

వంగిన_విల్లు
అయినా మీ రక్త క్యాన్సర్ డాక్టరు మాట కొట్టిపారేయకండి. నా మొదటి పూస నొప్పి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, కీమో మొదలయ్యాక కొన్ని వారాలకే దానంతట అదే సర్దుకుంది, ఏ సూదీ పొడవలేదు. రెండోది సర్దుకోలేదు, సిమెంటు వేశారు. రెండింటికీ ఒకే సూత్రం పెట్టుకుని ఉంటే ఒక దాంట్లో నష్టపోయేవాడిని.

కిరణం
రేడియేషన్ విభాగంలో పనిచేస్తాను కాబట్టి మా వైపు కూడా చెప్పనివ్వండి. మైలోమా కణాలు రేడియేషన్‌కు బాగా లొంగుతాయి. నొప్పి కోసం ఒక్కసారి 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఇవ్వడం నిజమే, వెన్నుపాము మీద ఒత్తిడి లాంటివి ఉంటే 10 విడతల్లో 30 గ్రే లాంటి పద్ధతులు. కానీ ఉపశమనం మర్నాడు రాదు, కొన్ని వారాలు పట్టవచ్చు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగడం కూడా ఉంది, ముందే చెప్పకపోతే వికటించిందని ఇంటిల్లిపాదీ భయపడతారు.

రేడియేషన్ గడ్డను చంపుతుంది, కుంగిన ఎముకను నిలబెట్టదు. లేస్తేనే నొప్పి అంటున్నారు కాబట్టి మీ నాన్నగారి విషయంలో మా విభాగం మొదటి వరుసలో ఉండదని నా అభిప్రాయం. ఇంకొకటి: మూలకణాల మార్పిడి ఆలోచన ఉంటే వెన్ను, కటి భాగాల్లో పెద్ద ప్రాంతానికి రేడియేషన్ ఇచ్చేముందు రక్త క్యాన్సర్ డాక్టరుకు తప్పక చెప్పాలి. అక్కడి మజ్జ దెబ్బతింటే మూలకణాలు సేకరించడం కష్టమవుతుంది.

లెక్కలమాస్టారు
తన విభాగం వద్దని చెప్పిన మనిషిని ఈ వేదికలో మొదటిసారి చూస్తున్నాను. చప్పట్లు.

పెద్దకూతురు
వర్టిబ్రోప్లాస్టీ, కైఫోప్లాస్టీ రెండూ ఒకటేనా? సర్జన్ రెండు పేర్లూ వాడారు.

ఎముకలగూడు
దగ్గరి చుట్టాలు. వర్టిబ్రోప్లాస్టీలో బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేలో చూస్తూ, వీపు మీదుగా సూది పూసలోకి పంపి సిమెంటు ఎక్కిస్తారు. 1984లో ఫ్రాన్స్‌లోని అమియాంలో గాలిబేర్, దెరామాన్ అనే డాక్టర్లు మొదట చేశారు, అదీ క్యాన్సర్‌కు కాదు, మెడపూసలోని రక్తనాళాల గడ్డకు. కైఫోప్లాస్టీ 1998లో వచ్చింది. ముందు ఒక బెలూన్ పంపి ఉబ్బించి, ఖాళీ చేసి, ఆ ఖాళీలో కాస్త చిక్కటి సిమెంటు నింపుతారు. పూస ఎత్తు కొంత తిరిగి రావచ్చు, సిమెంటు బయటికి కారే అవకాశం తక్కువ. నొప్పి తగ్గే విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఆ సూదిలోంచే బయాప్సీ ముక్క కూడా తీయవచ్చు.

నిదానం
కారడం గురించి అంత తేలిగ్గా దాటేయకండి. క్యాన్సర్ తిన్న పూసకు గోడలే సరిగా ఉండవు. కారినదానిలో ఎక్కువ భాగం ఏ హానీ చేయదు, నిజమే. కానీ వెనక గోడ పగిలి ఉంటే వెన్నుపాము వైపు వెళ్లవచ్చు, సిరలోకి వెళ్తే ఊపిరితిత్తులకు చేరవచ్చు. కాబట్టి సర్జన్‌ను సూటిగా అడగండి: వెనక గోడ బాగుందా, పూస నిలకడగా ఉందా? పూస నిలకడకు మార్కులు వేసే సిన్స్ అనే లెక్క ఉంటుంది. 6 వరకు నిలకడ, 7 నుంచి 12 అనుమానం, 13 నుంచి 18 అంటే నిలకడ లేదు, అప్పుడు స్క్రూలు, రాడ్ల మాట కూడా రావచ్చు. నిజానికి 7, అంతకు మించి ఉంటే వెన్నెముక సర్జన్ చూడాలి.

రాత్రి_డ్యూటీ
ప్రక్రియకు ముందు రక్తం సంగతి కూడా. కీమో వల్ల ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మామూలుగా 50 వేల పైన ఉంటేనే చేస్తారు. లెనాలిడోమైడ్ అనే మైలోమా మందు వాడుతుంటే రక్తం గడ్డకట్టకుండా ఇంకో మందు కూడా నడుస్తుంటుంది. దాన్ని ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది రాసి తీసుకోండి. ఇద్దరు డాక్టర్లూ "ఆయన చెప్పి ఉంటారులే" అనుకునే చోటు సరిగ్గా ఇదే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా.

ఈలోగా నొప్పికి ఏం ఇస్తున్నారు?

పెద్దకూతురు
పారాసిటమాల్, ట్రమడాల్. చాలనప్పుడు ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ ఒకటి వేస్తున్నాం.

రాత్రి_డ్యూటీ
డైక్లోఫెనాక్ ఇప్పుడే ఆపి డాక్టరుకు చెప్పండి. ఐబుప్రొఫెన్ కూడా అంతే. మైలోమా ప్రోటీన్లు కిడ్నీలను అప్పటికే ఇబ్బంది పెడుతుంటాయి, ఈ మాత్రలు వాటి మీద ఇంకో దెబ్బ. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంతో చూపించండి.

ట్రమడాల్ చాలకపోతే మార్ఫిన్ కుటుంబం మందులు అడగండి, సిగ్గుపడకండి. "మార్ఫిన్ అంటే ఆఖరి దశ" అనే భయం ఎంత నొప్పిని అనవసరంగా మోయించిందో నేను రోజూ చూస్తుంటాను. కిడ్నీలు బాగా లేకపోతే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది, అప్పుడు ఫెంటనిల్ లేదా బుప్రెనార్ఫిన్ ప్యాచ్ వైపు వెళ్తారు. ప్యాచ్ పనిచేయడం మొదలుపెట్టడానికి సగం రోజు పైనే పడుతుంది, "అంటించాం, తగ్గలేదు" అని గంటకే ఇంకోటి అంటించకండి. దాని మీద వేడినీళ్ల సంచి అస్సలు పెట్టకండి, వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువ ఎక్కి ఊపిరి మందగిస్తుంది. మొదటి రోజు నుంచే విరేచనానికి మందు ఉండాలి. ముక్కితే ఆ ఒత్తిడి పూస మీదే పడుతుంది.

వంగిన_విల్లు
చివరి వాక్యానికి అనుభవపూర్వకంగా సాక్షి సంతకం చేస్తున్నాను.

సందేహాలపుట్ట
పూర్తిగా మంచం మీదే ఉంచేస్తే పూసకు విశ్రాంతి కదా? ఈసారి తిట్టకుండా చెప్పండి.

కిరణం
తిట్టను. నొప్పి తీవ్రంగా ఉన్న కొద్ది రోజులు సరే. ఎక్కువ రోజులు పడుకోబెడితే కదలిక లేని ఎముక ఇంకా కరుగుతుంది, కండలు తగ్గుతాయి, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. బెల్టు కూడా లేచి తిరగడానికి తోడు మాత్రమే, నెలల తరబడి బిగించుకుంటే వెన్ను కండరాలు నీరసిస్తాయి.

మూడో_వరుస
అసలు రేపటి పూసల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఎముక బలానికి ఇంజెక్షన్ మొదలైందా? జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు మూడు నాలుగు వారాలకొకసారి, లేదా డెనోసుమాబ్ 120 మిల్లీగ్రాములు నాలుగు వారాలకొకసారి. కొత్తగా పూసలు విరగడం తగ్గడానికి ఇవి ముఖ్యం. మొదటిదానికి కిడ్నీలు సహకరించాలి. రెండోది కిడ్నీల మీద భారం వేయదు, కానీ రక్తంలో కాల్షియం బాగా పడిపోవచ్చు, పైగా మధ్యలో ఊరికే ఆపేస్తే ఎముక కరగడం ఒక్కసారిగా ఎగసి పూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది. ఏదైనా సరే, మొదలుపెట్టేముందు పళ్ల డాక్టరు చూడాలి. ఆ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా ఉండిపోవచ్చు.

పెద్దకూతురు
చాలా ఉపయోగపడింది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టమని పట్టుబడితే నా వైపు వింతగా చూశారు, కానీ కూర్చున్నారు. స్టిర్ చిత్రాల్లో డి12 మాత్రమే తాజాది, ఎల్1 పాతది. వెనక గోడ బాగుంది, ప్లేట్‌లెట్లు సరిపోయాయి. కీమో ఒక వారం వాయిదా వేసి డి12కు ఒక్కదానికే బెలూన్ పద్ధతిలో సిమెంటు వేశారు. ఎల్1ను ముట్టుకోలేదు. మర్నాడు కాదు కానీ ఆ వారంలోనే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి కూర్చున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు. మాత్రలు సగానికి తగ్గాయి, డైక్లోఫెనాక్ పూర్తిగా మానేశాం. పళ్లలో ఒకటి కదులుతోందట, అది తీసి, మానాకే జోలెడ్రోనిక్ యాసిడ్ అన్నారు.

ఇప్పుడు భయం ఏమిటంటే, సిమెంటు గట్టిదనం వల్ల పక్క పూస విరుగుతుందా?

లెక్కలమాస్టారు
ఆ భయం చాలా కాలంగా ఉంది, అధ్యయనాలు రెండు వైపులా ఉన్నాయి. మైలోమాలో పక్క పూస జబ్బుతోనూ విరగవచ్చు, కాబట్టి నేరం సిమెంటుదేనని రుజువు చేయడం కష్టం. కొత్త చోట కొత్త నొప్పి వస్తే "అదే పాత నొప్పి" అనుకోకుండా చూపించండి, అంతే.

వంగిన_విల్లు
మంచం దిగేటప్పుడు నేరుగా లేవనివ్వకండి. మోకాళ్లు మడిచి, భుజం, నడుము కలిపి ఒకేసారి పక్కకు దొర్లి, కాళ్లు కిందకు వదులుతూ మోచేత్తో లేవాలి. కింద పడినవి వంగి తీయకూడదు, బరువు పట్టుకుని నడుము తిప్పకూడదు. పొడవాటి పిడి ఉన్న పట్టుకారు ఒకటి తెప్పించండి. మీ నాన్నగారు మొదట విసుక్కుంటారు, తర్వాత దాంతో టీవీ రిమోట్ లాక్కుంటారు.

కొత్తసభ్యుడు
మా అన్నయ్యకు మైలోమాలో పక్కటెముక విరిగింది. దానికి కూడా సిమెంటు వేస్తారా?

నిదానం
మామూలుగా వేయరు. నొప్పి మందులు, వదలకపోతే రేడియేషన్. ఊపిరి గట్టిగా తీయలేకపోతున్నారా, జ్వరం ఉందా, ఏ చికిత్స నడుస్తోంది అన్నవి రాసి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తాం.